కృప, పట్టుదల గురించి ఒక మాట

పాపం నుంచి రక్షణ దేవుని కృప వల్లే, అంటే మన అర్హత చూడకుండా ఆయన చూపే దయ వల్లే గానీ, ఆ తర్వాత మంచిగా బతకడం మన పట్టుదల మీదే ఉంటుందని నేను చదివిన ఒక వ్యాసంలో రాశారు. ఈ రెండో మాట దగ్గర నాకు మనసొప్పలేదండీ. బైబిల్లో అపొస్తలుడైన పౌలు రాసిన తీతు పత్రిక 2:11-12 చూడండి. రక్షణ తెచ్చిన ఆ కృపే భక్తిహీనతను విడిచి బతకమని మనకు బోధిస్తుందంటాడు పౌలు. అక్కడున్న గ్రీకు మాటకు పిల్లల్ని దిద్ది పెంచడం అనే అర్థం ఉంది. పౌలే రాసిన 1 కొరింథీ పత్రిక 15:10లోనూ అంతే. అందరికంటే ఎక్కువ కష్టపడ్డానని చెప్పి, అది తాను కాదు, తనతో ఉన్న దేవుని కృపే అంటాడు.

నా సంగతే చెబుతాను. మొన్న ఆఫీసు టెన్షన్‌లో మా అబ్బాయి మీద ఊరికే కేకలేశాను. వాడు పుస్తకం మూసేసి గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఒకప్పుడైతే 'తండ్రిని కదా' అని ఊరుకునేవాణ్ణి. దేవుడు నన్ను ఎన్నిసార్లు క్షమించాడో గుర్తొచ్చాక మాత్రం నిద్ర పట్టలేదు. వెళ్లి పక్కన కూర్చుని, "తప్పు నాదే నాన్నా" అన్నాను. నా పట్టుదలకైతే ఆ మాట నోటిదాకా వచ్చేది కాదు. వాడు ఇటు తిరగలేదు గానీ, నా చెయ్యి పట్టుకున్నాడు.