పద్మినికి నూకలున్నాయి

మన రవాణా నిబంధనల్లో కవిత్వం లేదన్నవాళ్ళెవరూ 2021 జూలైలో కేంద్రం తెచ్చిన వింటేజ్ వాహనాల నిబంధనలు చదివి ఉండరు. మొదటి రిజిస్ట్రేషన్ అయి 50 ఏళ్ళు దాటి, ఒరిజినల్ రూపం చెడకుండా ఉన్న బండికి ‘వీఏ’ అక్షరాలతో ప్రత్యేకమైన నంబరు ఇస్తారు. ఫీజు 20,000 రూపాయలు. పదేళ్ళు చెల్లుతుంది. డబ్బు కట్టించుకున్నాక అసలు సంగతి చెబుతారు. ఈ బండిని రోజువారీ పనులకి తిప్పకూడదు. ప్రదర్శనకి వెళ్ళొచ్చు, ర్యాలీకి వెళ్ళొచ్చు, సాంకేతిక పరిశోధనకి వెళ్ళొచ్చు, పెట్రోలు కొట్టించుకోవడానికి వెళ్ళొచ్చు, రిపేరుకి వెళ్ళొచ్చు.

ఆ చివరి రెండూ చేర్చిన అధికారి ఇంట్లో తప్పకుండా ఒక పాత కారు ఉండి ఉంటుంది. ఎందుకంటే నా 1974 నాటి ప్రీమియర్ పద్మిని పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ చేస్తున్నవి ఆ రెండు పనులే. నేను దాన్ని సొంత కారు అనుకుంటున్నాను గానీ, చట్టం మొదట్నుంచీ దాన్ని సరిగ్గానే అర్థం చేసుకుంది.

అంతవరకూ జనం ఫియట్ అని పిలిచిన బండికి పద్మిని పేరు పెట్టింది ఆ ఏడాదే. మన పాత శాస్త్రాల్లో స్త్రీలని నాలుగు జాతులుగా చెప్పి, పద్మినీ జాతికి అగ్రతాంబూలం ఇచ్చారు. ఆమె ఒంటి నుంచి తామరపూల వాసన వస్తుందట. మా పద్మిని దగ్గరికి వెళితే పెట్రోలు వాసన వచ్చేది. నేను దాన్ని పాత కారుకుండే సహజ పరిమళం అనుకుని, గుండెల నిండా పీల్చుకుని, బంపర్ తుడిచే పని మొదలుపెట్టేవాణ్ణి.

ఈ బంపర్ తుడవడం గురించి నాలుగు మాటలు చెప్పాలి. వింటేజ్ కారు ఉన్నవాడి ధర్మం ఏమిటంటే, కంటికి కనపడేదానికి ఎంతైనా పెట్టాలి, కనపడనిదాని జోలికి వెళ్ళకూడదు. బంపర్లకి కొత్త క్రోమ్ చేయించాను. సీట్లకి అప్పటి రంగు రెక్సిన్ వెతికి కుట్టించాను. స్టీరింగ్ పక్కనుండే గేరు కర్రకి తెల్లటి బుడిపె కోసం రెండు నెలలు తిరిగాను. ర్యాలీల్లో మార్కులు వేసే పెద్దలు బుడిపె చూసి మెచ్చుకున్నారు. వంగి టైరు మీద అంకెలు చదివిన పెద్దమనిషి ఇంతవరకూ నాకు కనపడలేదు.

అంకెలంటే పంచాంగం లాంటివే. టైరు పక్కగోడ మీద నాలుగంకెలుంటాయి. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. 2000 నుంచి ఇదీ పద్ధతి. మూడే అంకెలుంటే అది పోయిన శతాబ్దపు సరుకు, దణ్ణం పెట్టి వచ్చేయడమే. ఆటోనగర్‌లో ఒక కొట్టాయన నా కోసం ప్రత్యేకంగా అటక మీంచి పద్మిని కొలతకి సరిపోయే 5.20-14 పాతకాలపు నైలాన్ దారాల టైర్లు దింపించాడు. “కొత్తవే మాస్టారూ, మీసాలు కూడా రాలలేదు చూడండి” అన్నాడు. నిజంగానే కొత్త రబ్బరు మీసాలు నిటారుగా ఉన్నాయి. మురిసిపోయి నాలుగూ కొనేశాను. ఇంటికొచ్చి దుమ్ము తుడిస్తే 3509 అని కనపడింది. 2009వ సంవత్సరం, 35వ వారం. ఆ టైరు పుట్టేటప్పటికి మనకింకా ఒకటే రాష్ట్రం. వేలితో నొక్కి చూస్తే పక్కగోడ మీద సన్నటి పగుళ్ళు. అది కూడా విడిపోవడానికి సిద్ధంగానే ఉంది.

వెనక్కి తీసుకెళితే కొట్టాయన ఎంతో మర్యాదగా, “మీ కారు కంటే చిన్నదే కదా సార్!” అన్నాడు.

ఈ వాదన మా వింటేజ్ వాళ్ళందరిదీ. టైరు గుండైతేనే మార్చాలని మన నమ్మకం. ఏడాదికి మూడొందల కిలోమీటర్లు కూడా తిరగని కారుకి టైరు గుండయ్యేదెప్పుడు? రబ్బరు తిరిగినా తిరగకపోయినా ముసలిదవుతుంది. ఎండకీ గాలికీ గట్టిపడి, లోపలి పొరల పట్టు సడలుతుంది. పైకి గీతలు మాత్రం పెళ్ళికొడుకు చొక్కా ఇస్త్రీలా చెక్కు చెదరవు. పదేళ్ళు దాటిన టైరుని గీతలు చూసి నమ్మడం అంటే, జుట్టు నల్లగా ఉంది కదా అని రంగేసుకున్నాయన వయసు చెప్పడమే.

సరే, ఇప్పటి కార్లకి వేసే రేడియల్ టైర్లు వేద్దామనుకున్నాను. మా బావమరిది చెవులు మూసుకున్నాడు. పద్మినికి రేడియలా, ఒరిజినాలిటీ ఏం కావాలి అని. ఆయన చేతికి స్మార్ట్ వాచీ ఉంటుంది, పంచె కట్టినప్పుడు కూడా. ఆయన్ని పక్కనపెట్టి 155/80 ఆర్14 చూశాను. ఇందులో టైరు వెడల్పు 155 మిల్లీమీటర్లు, పక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో 80 శాతం, లోపలి చక్రం 14 అంగుళాలు. ఒక్క టైరుని మూడు కొలతల్లో చెప్పగలిగిన ఈ తెలివి మన రెవెన్యూ రికార్డులు రాసేవాళ్ళకి కూడా లేదు. లెక్క వేస్తే ఎత్తు పాత నైలాన్ టైరుకి దగ్గరగానే వచ్చింది.

డబ్బు చూసుకుని ముందు రెండే కొన్నాను. ‘ముందు’ అన్నాను కదా, ముందు చక్రాలకే వేయించాను. స్టీరింగ్ ఉండేది అక్కడే కాబట్టి కొత్తవి అక్కడే ఉండాలని నా తర్కం. వాన పడ్డ రోజు బందరు రోడ్డులో బ్రేకు మీద కాలేస్తే, కారు వెనక భాగం నన్ను దాటి ముందుకి వెళ్ళాలని చూసింది. మా మెకానిక్ బాబాయ్ సంగతి విని తల పట్టుకున్నాడు.

“రేడియలూ నైలానూ కలపకూడదు మాస్టారూ. ఒకే ఇరుసు మీద అసలే కూడదు. తప్పదనుకుంటే రేడియల్ వెనక వేయాలి. పట్టున్నది ముందుండి, పట్టులేనిది వెనకుంటే ఏమవుద్ది?”

“ఏమవుతుంది?”

“మీకైంది కదా!”

ఇప్పుడు నాలుగూ రేడియళ్ళే. పవర్ స్టీరింగ్ లేని బండి కదా, పార్కింగ్‌లో తిప్పితే భుజాలు పట్టేస్తాయి. రోడ్డు మీద మాత్రం చెప్పినమాట వింటోంది.

ఇక ఆ పెట్రోలు పరిమళం సంగతి. మే నెల బెజవాడ ఎండలో పద్మిని సిగ్నల్ దగ్గర ఆగిపోవడం మామూలే. పంపులో పెట్రోలు ఆవిరైపోయి ఇంజిన్‌కి అందదు. తడిగుడ్డ పంపు మీద వేసి, జ్వరమొచ్చిన పిల్ల దగ్గర కూర్చున్నట్టు కూర్చుంటే పది నిమిషాల్లో లేస్తుంది. మా ఆవిడ ఈ సేవ చూసి, “ఏవండీ, నాకు మొన్న జ్వరమొస్తే టాబ్లెట్ టేబుల్ మీద పెట్టి వెళ్ళారు” అంది. వింటేజ్ వాహనాల మీద సాంకేతిక పరిశోధన ఆమెకి అర్థం కాదు.

ఈ ఏడాది తడిగుడ్డ పనిచేయలేదు. బాబాయ్ బానెట్ ఎత్తి, బీడీ వెలిగించబోయి, ముక్కు ఎగబీల్చి, అగ్గిపెట్టె మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. ట్యాంకు నుంచి వచ్చే రబ్బరు పైపుని బొటనవేలి గోటితో నొక్కాడు. గోరు గుర్తు అలాగే ఉండిపోయింది. నానబెట్టిన బొబ్బరగింజలా ఉబ్బి మెత్తబడింది పైపు. కింద కారిన తడి ఇంజిన్ వేడికి ఆరిపోతోంది.

“భూమ్మీద మీకింకా నూకలున్నాయి మాస్టారూ” అన్నాడు.

ఆయనకి తెలియకుండానే రోగానికి పేరు పెట్టాడు. మన బంకుల్లో పెట్రోలులో 2022కి పది శాతం, 2025కి ఇరవై శాతం ఇథనాల్ కలిసింది. దాన్ని చెరుకు నుంచి తీస్తారు, మొక్కజొన్న నుంచి తీస్తారు, నూకల నుంచి కూడా తీస్తారు. అంటే మనం ఉప్మా చేసుకునే నూకల్ని మా పద్మిని తాగుతోంది. అది పుట్టిన రోజుల్లో ఈ అలవాటు లేదు కాబట్టి అప్పటి రబ్బరుకి ఇది పడదు. ట్యాంకులో యాభై ఏళ్ళుగా బుద్ధిగా అంటుకుని ఉన్న తుప్పునీ జిగురునీ కూడా ఇది కదిలించి, పెట్రోలుని గాలితో కలిపే కార్బురేటర్‌లోని సన్నటి రంధ్రం (జెట్) దగ్గరికి పంపుతుంది. పైగా ఇథనాల్ గాలిలో తేమని లాక్కుంటుంది. నెలల తరబడి కదలని బండిలో అది నీళ్ళతో జతకట్టి ట్యాంకు అడుగుకి దిగుతుంది. ఇంజిన్ తాగేది అడుగు నుంచే.

బాబాయ్ ట్యాంకు దించి కడిగాడు. పంపు లోపల కదిలే పలచటి పొర (డయాఫ్రం) మార్చాడు, పంపుకి ముందు ఒక ఫిల్టర్ పెట్టాడు. ట్యాంకు నుంచి కార్బురేటర్ దాకా రబ్బరన్నది ఎక్కడున్నా తీసేసి, ఇథనాల్‌ని తట్టుకునే ‘ఆర్9’ అచ్చున్న పైపు వేశాడు. ఆ పైపు మొత్తం ఖరీదు నా తెల్ల బుడిపెలో సగం కూడా లేదు. అది ఎవరికీ కనపడదు కాబట్టి వచ్చే ర్యాలీలో దాని ఫొటో అద్దం మీద అంటిద్దామని ఉంది.

పెట్రోలు పోసి నెలల తరబడి నిలవుంచొద్దని, కొంచెం కొంచెంగా పోయించి తిప్పుతూ ఉండమని చెప్పాడు బాబాయ్. శిరసావహించాను. నిన్న బంకులో అబ్బాయి “ఫుల్లా సార్?” అన్నాడు.

“రెండొందలకి చాలు. రేపు మళ్ళీ రావాలి.”