పాటించేవాళ్ళతోనే చిక్కు

మత్తయి సువార్త 5, 6, 7 అధ్యాయాలు ఆరాధనలో చదివే ముందు "ఇవి వినడానికి మాత్రమే" అని సంఘ పెద్దలు ఒక ప్రకటన చేయాలని నా మనవి. వాటిలో ఉన్న యేసు కొండమీది ప్రసంగాన్ని తాతల కాలం నుంచి వింటున్నాం, ఎవరికీ ఏ ఇబ్బందీ రాలేదు. ఈమధ్యే కొందరు దాన్ని నిజంగా చేసి చూపిస్తున్నారు.

మా టైలర్ బ్రదర్‌నే తీసుకోండి. కానుకల సంచి తన వరసకి వచ్చేసరికి లేచి బయటికి నడిచాడు. సహోదరుడికి నీ మీద విరోధముంటే ముందు వెళ్ళి సమాధానపడి, ఆ తర్వాత వచ్చి కానుక అర్పించమని అయ్యగారు అప్పుడే చదివారట. చదివితే మాత్రం, అంత తొందరేమిటి? గట్టు తగాదాలో మాటలు మానేసిన అన్న ఇంటికి పోయి "తప్పు నాదే అన్నయ్యా" అన్నాడు. అన్న కరగలేదు గానీ కాఫీ ఇచ్చాడు. మరుసటి ఆదివారం ఇంకో నలుగురు లేచారు. అందులో ఇద్దరికి తగాదా ట్రెజరర్ గారితోనే. ఆయన సంచి పట్టుకుని నడిమధ్యలో అలా నిలబడిపోయారు పాపం.

చర్చికి ఫ్యాను కూడా ఇచ్చాడు టైలర్ బ్రదర్. రెక్కల మీద పేరు వద్దన్నాడు. కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియకూడదట! ఇన్ని పేర్ల మధ్య ఆ ఒక్క బోడి ఫ్యాను తిరుగుతుంటే మిగతా దాతల ముఖం ఏం కాను? (తిరిగితే పేరు కనబడదని పెద్ద దాతల ఫ్యాన్లు మే నెలలోనూ ఆపే ఉంచుతాం. అది వేరే సంగతి.)

ఈ జబ్బు పాతదే. ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ 1876-78 కరువులో బకింగ్‌హామ్ కాలువ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి పని చూపించాడు. బాప్తిస్మం ఇమ్మని వాళ్ళే అడుగుతుంటే, కరువు సాయం నడిచినన్నాళ్ళూ ఇవ్వనన్నాడు. అన్నం కోసం చేరారన్న మాట రాకూడదట. సంఘం లెక్క పెంచుకోవడానికి అంతకు మించిన సీజన్ దొరుకుతుందా? చివరికి 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మందికి గుండ్లకమ్మలో బాప్తిస్మమైంది. అంతకు ముందు, మాదిగలను సంఘంలో చేర్చుకుంటే పెద్ద కులాల పిల్లలు బడి మానేస్తారని చెప్పినా విన్నాడు కాదు. చేర్చుకున్నాడు, వాళ్ళు మానేశారు.

మనం ఆ పొరపాటు చెయ్యలేదు. క్రీస్తులో అందరం ఒక్కటే అని పాడుకుంటూనే, పెళ్ళి సంబంధాల ఫారంలో "క్రిస్టియన్" పక్కన కులానికి ఒక గడి భద్రంగా ఉంచాం. టైలర్ బ్రదర్ మొన్న కూతురి కోసం ఆ ఫారం నింపి, ఆ గడిలో "విశ్వాసి అయితే చాలు" అని రాసిచ్చాడు. అసంపూర్తిగా ఉందని తిప్పి పంపాలా, తెలిసిందే కదా అని మనమే నింపేసుకోవాలా అన్నది వచ్చే కమిటీ మీటింగులో తేల్చాలి. ఆ మీటింగు ప్రార్థనతో మొదలవుతుంది.