పత్రాల్లేని పెద్దాయనకు

గౌరవనీయులైన ఇంటెలిజెన్స్ బ్యూరో గారికి,

హైకోర్టు జడ్జిగా సిఫారసు అయిన లాయరు ఎంత పెద్దవాడైనా, ఆయన నడవడి ఎలాంటిదో, ఊళ్లో పేరెలా ఉందో మీరు ఆరా తీసి రాసివ్వాల్సిందే. దేశం లోపలి నిఘా సంస్థగా ఇన్నేళ్లుగా అందరి జాతకాలూ చూస్తున్న మీ జాతకం మాత్రం ఎవరూ చూసినట్టు లేదు. ఆ వెరిఫికేషనేదో నేనే చేద్దామని కూర్చున్నాను. ఏమీ అనుకోకండి, ఇది మామూలు విచారణే.

పుట్టిన తేదీ సులువుగానే దొరికింది: 1887 డిసెంబరు 23. లండన్‌లో కూర్చున్న భారత వ్యవహారాల మంత్రి ఒక ఉత్తర్వుతో మిమ్మల్ని పుట్టించారు. అప్పటి పేరు సెంట్రల్ స్పెషల్ బ్రాంచ్. ఇప్పటి పేరు 1920లో వచ్చింది. ఈ దేశంలో ఎవరు ఏం గుసగుసలాడుతున్నారో దొరగారికి చేరవేయడం మీ కులవృత్తి. 1947లో దొర వెళ్లిపోయాడు. సంజీవి పిళ్లై గారు మొదటి భారతీయ డైరెక్టర్ అయ్యారు. చెవి అదే, వినేవాళ్లు మారారు.

ఇక పత్రాలు. ఇక్కడే చిక్కొచ్చిపడింది. సీబీఐని అడిగితే 1946 నాటి ఢిల్లీ స్పెషల్ పోలీస్ ఎస్టాబ్లిష్‌మెంట్ చట్టం తీసి చూపిస్తుంది. ఉగ్రవాద కేసులు చూసే, నిన్నగాక మొన్న పుట్టిన ఎన్ఐఏకి 2008 చట్టం ఉంది. మీకు పార్లమెంటు చేసిన చట్టమే లేదు! గట్టిగా అడిగితే రాజ్యాంగం ఏడో షెడ్యూలులో, కేంద్ర జాబితా ఎనిమిదో అంశం చూపిస్తారు. 'దీని మీద పార్లమెంటు చట్టం చేయవచ్చు' అని దానర్థం. పెళ్లిచూపులకు రమ్మన్న కబురు చూపించి పెళ్లయిపోయిందంటే ఎలాగండీ? మిమ్మల్ని కన్న బ్రిటన్ కూడా 1909లో పుట్టిన తన దేశీయ నిఘా సంస్థ ఎంఐ5కి, ఆలస్యంగానైనా 1989లో చట్టం చేసి పెట్టింది. ఇక్కడ 2011లో ఒక ఎంపీ ప్రైవేటు బిల్లు పెడితే అది అలాగే అటకెక్కింది.

అసలు చట్టమే లేదంటే అబద్ధమవుతుంది లెండి. 1985లో ఒకటి వచ్చింది. మీ సిబ్బంది యూనియన్లు పెట్టకుండా, పత్రికలవాళ్లతో మాట్లాడకుండా కట్టడి చేయడానికి! ఇంటికి దస్తావేజులు లేవు గానీ పనివాళ్లకు కట్టుబాట్లు పక్కా.

కుటుంబ వివరాలకొస్తే, హోం శాఖ కింద ఉంటారు. పెద్ద కుర్చీలో ఎప్పుడూ ఐపీఎస్ అధికారే. రాష్ట్రాల్లో ఎస్ఐబీ (సబ్సిడియరీ ఇంటెలిజెన్స్ బ్యూరో) పేరుతో శాఖలున్నాయి. చైనాతో, పాకిస్తాన్‌తో యుద్ధాలయ్యాక, 1968లో విదేశీ గూఢచర్యం విడదీసి 'రా' అనే కొత్త సంస్థకి ఇచ్చారు. అన్నదమ్ముల పంపకాల్లో మీకు పెరటివైపు దక్కింది.

పనితీరు దగ్గర కొంచెం ఆగాను. మీరు అరెస్టు చేయరు, ఎఫ్ఐఆర్ రాయరు, విని చెప్తారంతే. బాంబు పేలకపోతే మీ ఊసే ఎవరూ ఎత్తరు, పేలితే తెల్లారేసరికి 'నిఘా వైఫల్యం' అని హెడ్డింగ్. ఇందులో మాత్రం మీ మీద నాకు నిజంగానే జాలి. అందుకేనేమో ఆగస్టు 15కీ, జనవరి 26కీ 'రద్దీ ప్రాంతాల్లో అప్రమత్తంగా ఉండాలి' అని ముందే ఒక మాట అనేసి ఉంచుతారు.

కానీ నేతాజీ కుటుంబం మీద 1948 నుంచి 1968 దాకా కన్నేసి, వాళ్ల ఉత్తరాలకు నకళ్లు తీసుకున్నారని 2015లో బయటికొచ్చిన కాగితాలు చెప్పాయి. ఇరవై ఏళ్లండీ! చట్టం ఉండుంటే, ఎవరి అనుమతితో చదివారని అడగడానికి ఒక సెక్షన్ నంబరైనా దొరికేది. 2014లో ఇంకో ముచ్చట. విదేశీ నిధుల స్వచ్ఛంద సంస్థల వల్ల జీడీపీ వృద్ధి రెండు మూడు శాతం తగ్గుతోందని మీ నివేదిక. గూఢచర్యంలో ఎకనామిక్స్ పేపరు కూడా ఉందని మాకు అప్పుడే తెలిసింది.

రిటైర్మెంట్ తర్వాతి జీవితం సంతృప్తికరం. మీ మాజీ డైరెక్టర్ నరసింహన్ గారు ఏళ్ల తరబడి మా తెలుగువాళ్లకే గవర్నర్‌గా ఉన్నారు కదా.

మిగతా వివరాలు సమాచార హక్కు కింద అడుగుదామనుకున్నాను. ఆ చట్టం రెండో షెడ్యూలులో, అడగకూడనివాళ్ల జాబితాలో మొట్టమొదటి పేరు మీదే. అవినీతో, మానవ హక్కుల ఉల్లంఘనో అయితే తప్ప మీరు నోరు విప్పక్కర్లేదట. జనన ధ్రువపత్రం లేకపోవడం ఈ రెండింట్లో దేని కిందికొస్తుందో తేలక, ఫారంలో 'సమర్పించిన పత్రాలు' అన్న గడి ఖాళీగానే వదిలేశాను.

ఇట్లు,
పత్రాలన్నీ సక్రమంగా ఉన్న ఒక పౌరుడు