మన పిల్లయితే ఆ తెర మీద పెట్టేవాళ్లమా?

మన అమెరికా తెలుగు సంఘం మొన్న డిసెంబర్‌లో ఇండియాలో జరిపిన సేవా డేస్‌లో విజయవాడ కార్యక్రమం ఫొటోలు మన పత్రిక గత సంచికలో రెండు పేజీల నిండా వచ్చాయి. జ్యోతి ప్రజ్వలన, శాలువాలు, మెమెంటోలు, ఫ్లెక్సీ ముందు నవ్వుతున్న డోనర్లు, అందరూ ఉన్నారు. బడి పిల్లల స్మార్ట్ కార్డు డెమో ఫొటో మాత్రం లేదు. వెయ్యకపోవడమే మంచిదైంది. కానీ ఆ రోజు హాల్లో నేనూ ఉన్నాను. ఈసీ (సంఘం కార్యవర్గం) వాళ్ల మినిట్స్‌లో అది ఒక్క లైనుతో సరిపెట్టారు కాబట్టి, మిగతాది నేను రాస్తున్నాను.

ఏలూరు రోడ్డులో ఫంక్షన్ హాలు. గుంటూరు దగ్గర ఒక ఊరి హైస్కూలుకి మన సంఘం తరఫున, తాకకుండానే రేడియో తరంగాలతో చదవగలిగే ఆర్‌ఎఫ్‌ఐడీ చిప్ ఉన్న ఐడీ కార్డులు, గేటుకి బిగించే రీడర్లు ఇచ్చాం. పిల్లల్నీ పెద్దల్నీ బస్సులో తీసుకొచ్చారు. కార్డులు తయారు చేసిన వాళ్ల తరఫున వచ్చిన కుర్రాడు మైకు అందుకుని, "లైవ్‌లో చూపిస్తాను సార్" అన్నాడు. తొమ్మిదో తరగతి పిల్ల ఒకమ్మాయిని పిలిచారు. మెళ్లో కార్డుతో రీడర్ పక్కనుంచి నడిచింది. బీప్ మనగానే వెనకాల ఎల్‌ఈడీ తెర మీద నిలువెత్తున ఆమె ఫొటో, పేరు, తండ్రి పేరు, ఆయన ఫోన్ నంబరు, కులం కేటగిరీ. కింద జూన్ నుంచి హాజరు పట్టిక, పాత రిజిస్టర్లు కూడా ఎక్కించేశారట. హాలంతా చప్పట్లు.

వచ్చిన రోజులు ఆకుపచ్చ గళ్లు, రాని రోజులు ఎర్ర గళ్లు. ఆ ఎరుపు ఎక్కడపడితే అక్కడ లేదు. నెలకోసారి, వరసగా మూడు గళ్లు. ఆడవాళ్లు కూర్చున్న వైపు చప్పట్లు ముందు ఆగిపోయాయి. మగవాళ్లలో చాలామందికి ఏమీ అర్థం కాలేదు, అర్థమైన ఒకరిద్దరు పక్కవాడి చెవిలో ఏదో అన్నారు. కుర్రాడు పాపం తన ధోరణిలో తను, "చూడండి సార్, ఈ స్టూడెంట్ ప్రతి నెలా ఆబ్సెంట్ అవుతోంది, ఇలాంటివి మన సిస్టమ్ ఇట్టే పట్టేస్తుంది" అన్నాడు. ఆ పిల్ల వెనక్కి తిరిగి తెర చూసుకుంది. కార్డుని చున్నీ కిందకి తోసేసి దిగిపోయింది. ఆ తర్వాత డోనర్లకి సన్మానం.

నా పక్క కుర్చీలో ఉన్నది ఆమె నాయనమ్మ అని అప్పుడు తెలిసింది. "ఏందమ్మా, బడికి రాలేదని సినిమా ఏసి చూపిస్తన్నారా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. కాసేపటికి మళ్లీ తనే, "ఆ బిళ్ల మెళ్లో ఏసుకుంటే క్యాన్సరొచ్చిద్దంట గదా" అంది.

రెండో ప్రశ్నకి జవాబు తేలిక. ఆ మాట ఊరికే పుట్టలేదు. చర్మం కింద ఎక్కించే చిప్‌కి అమెరికాలో మందులకీ వైద్య పరికరాలకీ అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ 2004లో అనుమతి ఇచ్చింది. ఎలుకల్లో అలాంటి చిప్‌ల చుట్టూ కణితులు కనిపించాయన్న పాత అధ్యయనాల సంగతి 2007లో బయటికొచ్చి గొడవైంది. 2010లో ఆ చిప్ అమ్మకం ఆగిపోయింది. మెళ్లో వేలాడే కార్డు సంగతి వేరు. దాన్లో బ్యాటరీ కూడా ఉండదు. రీడర్ దగ్గరికొచ్చినప్పుడు ఆ తరంగాల నుంచే కాస్త శక్తి తీసుకుని, తన నంబరు చెప్పి ఊరుకుంటుంది. "అలాంటిదేం రాదు పెద్దమ్మా" అన్నాను. నమ్మినట్టు లేదు.

నంబరు చెప్పడమే దాని పని. అడిగింది ఎవరన్నది చాలా చవక కార్డులకి పట్టదు, తనకి సరిపడే రీడర్ అయితే చాలు. కొన్ని రకాలు నాలుగు వేళ్ల దూరంలోకి వస్తే గానీ పలకవు. ఇంకొన్ని ఫాస్టాగ్‌లాగా కొన్ని మీటర్ల దూరం నుంచే పలుకుతాయి. గేటు దగ్గర పిల్లలు క్యూలో ఆగకూడదని మనవాళ్లు రెండో రకం కొన్నారు. ఇక గట్టి తాళం వేశామన్న చిప్‌ల కథ కూడా చూశాం. ప్రపంచమంతా బస్సు టికెట్లకీ ఆఫీసు తలుపులకీ వాడిన మైఫేర్ క్లాసిక్ అనే చిప్ గుట్టుని 2008లో నెదర్లాండ్స్‌లోని రాడ్‌బౌడ్ యూనివర్సిటీ పరిశోధకులు విప్పి చూపించారు. మన పిల్లలకి అంత చదువు కూడా అక్కర్లేదు. ఒకడు నాలుగు కార్డులు జేబులో వేసుకుని గేటు దాటితే నలుగురికీ హాజరు పడిపోతుంది.

టీ తాగేటప్పుడు ఆ కుర్రాణ్ణి పట్టుకుని, పిల్లల వివరాలు ఎవరెవరు చూడగలరని అడిగాను. హెడ్మాస్టర్, టీచర్లు, తమ కంపెనీ, తల్లిదండ్రుల ఫోన్లు. "డోనర్‌గారికి కూడా లాగిన్ ఇస్తాం మేడమ్, అమెరికా నుంచే చూసుకోవచ్చు" అని సంతోషంగా చెప్పాడు. అంటే డాలస్‌లో ఎవరో ఒక అంకుల్ కాఫీ తాగుతూ, గుంటూరు పల్లెలో ఎవరో ఒక ఆడపిల్ల ఏ రోజుల్లో బడికి రాలేదో చూసుకోవచ్చు. చూస్తాడని నేననను. చూసే వీలు ఆయనకి ఎందుకు?

ఇవతలి పక్షం కూడా చెప్పాలి. చిప్‌లు వద్దని నేనంటే మావాళ్లే నవ్వుతారు. కాజ టోల్‌గేటు దగ్గర ఎండలో చిల్లర కోసం ఆగిన రోజులు మర్చిపోలేదు. 2021 ఫిబ్రవరిలో ఫాస్టాగ్ తప్పనిసరి చేశాక ఆ బాధ చాలా తగ్గింది. మరుసటి ఏడాది, కారు అద్దం తుడిచే పిల్లాడు చేతివాచీతో ఫాస్టాగ్ డబ్బు లాగేస్తున్నాడని వాట్సాప్‌లో ఒక వీడియో ఊరేగింది. అది అబద్ధమని ఫాస్టాగ్ చెల్లింపులు నడిపే ఎన్‌పీసీఐ చెప్పింది. మన గ్రూపుల్లో ఇప్పటికీ తిరుగుతూనే ఉంది, అది వేరే సంగతి. 2016 కృష్ణా పుష్కరాల్లో దుర్గాఘాట్ దగ్గర పిల్లల చేతుల మీద పెన్నుతో ఫోన్ నంబర్లు రాసుకున్న తల్లుల్ని చూశాను. ఒక మునకకి సగం చెరిగిపోయేవి. అలాంటి చోట చేతికి కట్టే చిప్ ఇస్తానంటే నేనే ముందు చందా రాస్తాను. స్కూలు బస్సులోంచి పిల్ల దిగిందో లేదోనని గుమ్మంలో నిలబడే తల్లి టెన్షన్‌ని కూడా తీసిపారేయలేం.

కానీ ఈ చర్చ వచ్చినప్పుడల్లా మనం హ్యాకర్ గురించి, దొంగ గురించి మాట్లాడుకుంటాం. మన ఇళ్లలో భయం అటువైపు నుంచి రాదు. మా కారు ఫాస్టాగ్ అన్నయ్య ఫోన్ నంబరు మీద ఉంది. ఒకసారి బెజవాడ నుంచి గుంటూరు వెళుతూ కాజ దాటాను. పెదకాకాని రాకముందే ఫోన్. "ఏమ్మా, గుంటూరు వెళుతున్నావా? చెప్పలేదే?" నేను వెళుతున్నది పెద్దత్తయ్యని చూడ్డానికి. పొలం గొడవల తర్వాత అన్నయ్యకీ ఆవిడకీ మాటల్లేవు. అన్నయ్య మంచివాడే. అడిగింది కూడా ప్రేమగానే. అయినా తర్వాత వెళ్లినప్పుడు ఆటోలో వెళ్లాను. నా వయసులో, నా డబ్బుతో తిరిగే నాకే ఇలా ఉంటే, తండ్రి ఫోన్‌కి "4:10కి గేటు దాటింది" అని మెసేజ్ వెళ్లాక ఇంటికి 4:50కి చేరిన పిల్ల పరిస్థితి ఏమిటి? ఆ నలభై నిమిషాల్లో ఆమె మిరపకాయ బజ్జీ తిని ఉండొచ్చు, స్నేహితురాలి ఇంట్లో లెక్కలు రాసుకుని ఉండొచ్చు. ఏం చేసినా దానికి సంజాయిషీ ఇవ్వాలి.

మా చిన్నప్పుడు బ్రాడీపేటలో ఆ పని సోడా కొట్టు ఆయన చేసేవాడు. పాత రోజులు బంగారమని చెప్పబోవడం లేదు. నేను సైకిల్ మీంచి పడితే ఎత్తుకుని ఇంటికి తెచ్చింది ఆయనే. పెద్దమ్మ కూతురు శంకర్‌విలాస్ సెంటర్లో ఎవరో అబ్బాయితో మాట్లాడుతోందని పెద్దనాన్నకి మోసిందీ ఆయనే. అక్క అప్పుడు ఇంటర్ రెండో సంవత్సరం. ఆ అబ్బాయి నోట్స్ తిరిగిచ్చాడు, అంతే. ఇంట్లో పెళ్లి మాటలు మొదలయ్యాయి. అప్పుడు మా అమ్మమ్మ నడుం బిగించింది. "వాడికి రెండు కళ్లకీ శుక్లాలు, ఎవర్ని చూసి ఎవరనుకున్నాడో" అని వాదించింది. సోడా కొట్టుకి వెళ్లి నలుగురిలో ఆయన్ని నిలదీసింది. ఆయన నీళ్లు నమిలి, "నేను చూసింది మీ పిల్లని కాదేమోలే" అన్నాడు. పెళ్లి ఆగలేదు గానీ, పరీక్షలయ్యేదాకా వాయిదా పడింది. ఆ ఇంటర్ సర్టిఫికెట్ పట్టుకునే అక్క ఆ తర్వాత ప్రైవేటుగా డిగ్రీ కట్టింది, టీచరైంది. మిషన్‌కి శుక్లాలున్నాయని ఏ అమ్మమ్మా వాదించలేదు. పిల్ల కార్డు మర్చిపోయినా, రీడర్ పనిచెయ్యకపోయినా, ఇంట్లో నమ్మేది మెసేజ్‌నే.

అమెరికాలో ఈ గొడవ ఎప్పుడో జరిగింది. కాలిఫోర్నియాలో సట్టర్ అనే చిన్న ఊళ్లో 2005లో బడి పిల్లల మెళ్లో ఇలాంటి బ్యాడ్జీలే వేశారు. తల్లిదండ్రులు తిరగబడితే కొద్ది వారాల్లోనే తీసేశారు. టెక్సస్‌లో శాన్ ఆంటోనియో దగ్గర నార్త్‌సైడ్ స్కూళ్లలో 2012లో మొదలుపెట్టారు. ఒక విద్యార్థిని కార్డు వేసుకోనని కోర్టుకెళ్లి ఓడిపోయింది. గెలిచిన స్కూళ్లవాళ్లే మరుసటి ఏడాది ఆ పథకం ఆపేశారు. అమెరికా పాస్‌పోర్టులో చిప్ పెడతామన్నప్పుడు 2005లో ప్రభుత్వానికి రెండు వేలకు పైగా అభిప్రాయాలు వెళ్లాయి, దాదాపు అన్నీ వద్దనే. చిప్ మానలేదు గానీ, మూసి ఉన్నప్పుడు చదవకుండా అట్టలో కవచం పెట్టారు, తెరిచి స్కాన్ చేస్తే గానీ పలకకుండా తాళం వేశారు. ఇప్పుడు మన జేబుల్లో ఉన్న పాస్‌పోర్టు అలా గొడవపడ్డవాళ్ల పుణ్యమే. న్యూజెర్సీలో మనం టోల్‌కి వాడే ఈజీపాస్ రికార్డులు విడాకుల కేసుల్లో సాక్ష్యాలుగా వెళ్లిన సంగతి ఎడిసన్‌లో ఎవర్నడిగినా చెబుతారు.

ఇండియాలో అడగడానికి ఆధారం లేదా అంటే, అదీ కాదు. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది జడ్జీలు 2017 ఆగస్టు 24న చెప్పారు. 2023లో వచ్చిన డేటా రక్షణ చట్టం, పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల వివరాలు తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలంది, వాళ్ల కదలికల మీద నిఘా పెట్టకూడదంది. 2025 నవంబర్‌లో వచ్చిన నిబంధనల్లో చదువు కోసం, పిల్లల భద్రత కోసమైతే బడులకి మినహాయింపు ఇచ్చారు. అన్నీ ఒకేసారి అమల్లోకి రాకపోయినా చట్టం ఉద్దేశం తెలుస్తూనే ఉంది. ఆ మినహాయింపు బడికి. మన స్టేజీకీ, మన డోనర్ లాగిన్‌కీ కాదు.

ఈసీ వారికీ, బీఓటీ (ట్రస్టీల బోర్డు) పెద్దలకీ, నాకు అన్నదమ్ముల్లాంటి మన డోనర్లకీ ఒక మనవి. రెండో ఊరికి కూడా ఇవే కార్డులు ఇవ్వాలని బడ్జెట్‌లో పెట్టారని విన్నాను. దయచేసి ఆపండి. ఆ మూడు ఎర్ర గళ్లకి కారణం ఆ బళ్లో ఆడపిల్లల టాయిలెట్‌కి నీళ్లు రాకపోవడమని నాయనమ్మ ఆ రోజే చెప్పింది. సిస్టమ్ పట్టేసింది సరే, పట్టుకున్నదానికి మనమేం చేశాం? ఆ డబ్బుతో ముందు బోరు, మోటారు, ట్యాంకు, తలుపులకి గడియలు పెట్టిద్దాం. మొదటి ఊళ్లో ఇచ్చేసిన కార్డుల సంగతికొస్తే, డోనర్ లాగిన్లు ఈ వారమే మూసేయించండి. తెర మీద పేరు, తరగతి తప్ప ఇంకేమీ రాకూడదు. కులం ఆ సాఫ్ట్‌వేర్‌లో ఎందుకుందో వాళ్లని నిలదీయండి. అనుమతి కాగితం తెలుగులో ఉండాలి, వద్దన్న తల్లికి వద్దనే హక్కుండాలి, పిల్ల బడి వదిలాక వివరాలు చెరిపెయ్యాలి. ఇంకెప్పుడూ ఏ పిల్లనీ డెమోకి పిలవకండి. అంత అవసరమైతే ప్రెసిడెంట్ గారి కార్డు పెట్టి చూపించండి.

ప్రతి ఆగస్టులో మన పిల్లల స్కూళ్ల నుంచి ఫొటో అనుమతి ఫారం వస్తుంది కదా. గ్రూప్ ఫొటోలో కూడా మావాడి మొహం వెయ్యొద్దని అందులో ‘నో’ కొట్టినవాళ్లు మనలో చాలామందే ఉన్నారు. వచ్చే జనరల్ బాడీకి ఆ ఫారం కాపీ ఒకటి తెచ్చుకోండి. గుంటూరు పిల్లల ఫారం కూడా దాన్ని ముందు పెట్టుకునే రాద్దాం.