ఆల్ సర్ఫేస్ షైన్

నిన్న పొద్దున్నే బండి కడిగాను. కడగడం వరకూ చెప్పుకోడానికేమీ లేదు. ఇంజను చల్లారాకే నీళ్లు పోశాను, సైలెన్సర్ మూతికి కవరు కట్టాను. బండి కడగడం నేర్పే వీడియో అన్న చెప్పినట్టే సబ్బునీళ్లకి ఒక బకెట్టు, గుడ్డ జాడించడానికి ఇంకో బకెట్టు పెట్టాను. గుడ్డకి అంటిన ఇసుక మళ్లీ ట్యాంకు మీదకి వెళ్తే గీతలు పడతాయి కదా. చైన్‌కి కిరసనాయిలు, ఆ తర్వాత లూబ్. పక్కింటాయన గేటు దగ్గర నిలబడి, "ప్లగ్గులోకి నీళ్లు పోయుంటాయి, స్టార్టవదు చూడు" అని ఆశగా ఎదురుచూశాడు. సెల్ఫ్ కొట్టగానే స్టార్టయింది. ఆయన లోపలికి వెళ్లిపోయాడు.

గొడవంతా ఆ తర్వాత తీసిన పాలిష్ సీసాతో. ముందువైపు "ఆల్ సర్ఫేస్ షైన్" అని వేలెడేసి అక్షరాలు. వీడియో అన్న అయితే "ట్యాంకు, మడ్‌గార్డు, సీటు, ఏదైనా సరే, కొట్టు, తుడువు, అంతే బ్రో" అన్నాడు. కొట్టాను. తుడిచాను. సీటులో నా మొహం కనపడింది. ముచ్చటేసి ఇంకాస్త కొట్టాను.

మధ్యాహ్నం మావయ్యగారిని స్టేషన్‌లో దింపాలి. పిల్లనిచ్చిన మావయ్యగారు, రిటైర్డ్ హెడ్మాస్టరు. మనిషికీ మనిషికీ మధ్య జానెడు దూరం ఉండాలనే పెద్దమనిషి. ఎక్కగానే ఆ జానెడూ కొలిచినట్టు వదిలి, చేతిసంచి ఒళ్లో పెట్టుకుని నిటారుగా కూర్చున్నారు.

మొదటి స్పీడ్ బ్రేకర్ దగ్గర బ్రేకు మెల్లగానే నొక్కాను. బండి ఆగింది. మావయ్యగారు ఆగలేదు. సంచితో సహా వచ్చి నా వీపుకి అతుక్కున్నారు. నేను వెళ్లి ట్యాంకుకి అతుక్కున్నాను. బ్రేకు ఆపేది చక్రాన్నే. మనిషిని ఆపాల్సింది సీటు. ఇన్నేళ్లూ అది నోరెత్తకుండా చేస్తున్న ఉద్యోగాన్ని సీసాలోని సిలికోన్ ఒక్క పూటలో ఊడగొట్టింది. పోనీ మోకాళ్లతో ట్యాంకుని బిగించి పట్టుకుందామంటే దానికీ అదే పూత.

"సారీ మావయ్యగారూ."

"పర్వాలేదు బాబూ" అని ఆయన సర్దుకుందామనుకునేలోపే నేను గేరు వేశాను. వెనక్కి జరగడానికి ఆయన కష్టపడాల్సిన పనే లేకపోయింది. జర్రున వెళ్లిపోయారు. వెనక గ్రాబ్ రైల్ పట్టుకున్నారు కాబట్టి మిగిలారు. దాన్ని కూడా నేను వదల్లేదన్న సంగతి ఆయన అరచేతికి వెంటనే తెలిసింది.

అక్కణ్ణుంచి సిగ్నల్ పడితే ముందుకి, గ్రీన్ పడితే వెనక్కి. పౌడరు చల్లిన క్యారమ్ బోర్డు మీద స్ట్రైకర్‌కి కూడా అంత ప్రయాణం ఉండదు. ఫ్లైఓవర్ దిగుతున్నప్పుడు మాత్రం ఏ హడావిడీ లేకుండా, ఒకరినొకరు హత్తుకునే దిగాం. నా పెళ్లయ్యాక మేమిద్దరం అంత దగ్గరైంది లేదు. సిగ్నల్ దగ్గర పక్క స్కూటర్ మీది కుర్రాడు, "తాతగారిని గట్టిగా పట్టుకోమనన్నా!" అన్నాడు. మావయ్యగారికి చెవులు బ్రహ్మాండంగా వినపడతాయి.

"ఇక్కణ్ణుంచి దగ్గరేలెండి, ఆటోలో వెళ్తాను" అంటూ దిగిపోయారు. స్టేషన్‌కి ఇంకా సగం దారి కూడా రాలేదు.

ఇంటికొచ్చి సీసా వెనక్కి తిప్పాను. ఫోన్లో ఫోటో తీసి పెద్దది చేస్తే గానీ కనపడని అక్షరాల్లో ఉంది: "సీట్లు, హ్యాండిల్ గ్రిప్పులు, ఫుట్‌రెస్టులు, బ్రేక్ డిస్కులు, టైరు నేలని తాకే భాగం మీద వాడరాదు." మరి ఆల్ సర్ఫేస్ అంటే ఏ సర్ఫేసులు స్వామీ? సీసా అమ్ముడుపోయే మాటకి వేలెడు చోటు దొరికింది, నడ్డి విరక్కుండా కాపాడే మాటకి దొరకలేదు! ఉక్రోషం కొద్దీ ఆ వీడియో మళ్లీ పెట్టి చూశాను. వీడియో అన్న బండిని తోసుకుంటూ తెచ్చాడు, తోసుకుంటూ తీసుకెళ్లాడు. మొత్తంలో ఒక్కసారి కూడా ఎక్కలేదు.

గిన్నెల సబ్బుతో సీటు తోముతూనే ఉన్నాను. ఆరగానే మళ్లీ మెరుస్తోంది. ఇందులో నా తప్పేమీ లేదని తెలియాలి కదా, లేబుల్ ఫోటో మావయ్యగారికి పంపాను. చాలాసేపటికి జవాబొచ్చింది.

"చూశాను బాబూ. వచ్చే వారం మీ అత్తయ్య వస్తోంది. స్టేషన్‌కి మాత్రం బండేసుకుని రాకండి."