దేవుడు కనిపించని చిత్రాలకు పట్టం

ఆరుబయట హోటల్లో పసుపుపచ్చని కుర్చీలన్నీ ఖాళీగా ఉన్నాయి. నడుమ ఓ బల్ల దగ్గర ఇళ్లు తుడిచి బతికే అరవై ఏళ్ల జర్మన్ వితంతువు, ఆమెకన్నా ఎంతో చిన్నవాడైన మొరాకో కార్మికుడు కూర్చున్నారు. దూరంగా నిలబడ్డ సిబ్బంది వాళ్లనే గుచ్చిగుచ్చి చూస్తున్నారు. ఆ చూపులు తట్టుకోలేక ఆమె ఏడ్చేస్తుంది. జర్మన్ దర్శకుడు ఫాస్‌బైండర్ తీసిన ‘అలీ: ఫియర్ ఈట్స్ ద సోల్’లోని సన్నివేశమిది. ఇందులో చర్చి లేదు, ప్రార్థన లేదు. క్యాథలిక్, ప్రొటెస్టెంట్ సంస్థలు కలిసి 1974లో కేన్స్ చలనచిత్రోత్సవంలో తొలిసారి ఏర్పాటుచేసిన ఎక్యుమెనికల్ జ్యూరీ, అంటే వేర్వేరు క్రైస్తవ శాఖల ఉమ్మడి న్యాయనిర్ణేతల బృందం, తన మొదటి బహుమతిని ఈ చిత్రానికే ఇచ్చింది.

ఉత్సవ ప్రధాన జ్యూరీతో దీనికి సంబంధం లేదు. క్యాథలిక్కుల తరఫున సిగ్నిస్, ప్రొటెస్టెంట్ల తరఫున ఇంటర్‌ఫిల్మ్ సభ్యులను ఎంపిక చేస్తాయి. సినిమా పేరు చెబితే మతపెద్దలకు చాలాచోట్ల ముందుగా గుర్తొచ్చేది నిషేధమే. ఇక్కడ మాత్రం విశ్వాసులు ముందు చీకటి హాలులో కూర్చుని సినిమా మొత్తం చూస్తారు, ఆ తర్వాతే నోరు విప్పుతారు. ఈ వరుస మాకెంతో విలువైనదిగా తోస్తుంది.

2019లో ఈ జ్యూరీ మెచ్చిన ‘ఎ హిడెన్ లైఫ్’ను చూడండి. హిట్లర్‌కు విధేయత ప్రకటిస్తూ ప్రమాణం చేయనని భీష్మించిన ఆస్ట్రియా రైతు ఫ్రాంజ్ యాగర్‌స్టెటర్ కథ అది. భార్య, ముగ్గురు పసి కూతుళ్లు, కోతకొచ్చిన పొలం ఒకవైపు, మనస్సాక్షి మరోవైపు. ఊరు వెలివేసినంత పని చేసింది. దారి చూపమని బిషప్ దగ్గరకు వెళితే అక్కడా అండ దొరకలేదు. 1943 ఆగస్టు 9న నాజీలు ఆయన తల నరికారు. ఆయనను ధన్యజీవిగా, అంటే పునీతుడి హోదాకు ముందు మెట్టుగా, ప్రకటించడానికి చర్చికి 2007 దాకా పట్టింది. తమ పెద్దలు తడబడిన తీరును తెరమీద చూసి, ఆ చిత్రాన్నే చర్చి మనుషులు సత్కరించడం చిన్న విషయం కాదు.

ఇలాంటి బహుమతులకు మచ్చలూ ఉన్నాయి. నాస్తికుడైన ఇటలీ దర్శకుడు పసోలినీ తీసిన క్రీస్తు చిత్రానికి 1964లో వెనిస్‌లో పట్టం కట్టిన క్యాథలిక్ జ్యూరీ, 1968లో అదే దర్శకుడి ‘తియొరెమా’ను గౌరవించి వాటికన్ ఆగ్రహానికి గురైంది. పైనుంచి వచ్చిన ఆ ఒత్తిడి తప్పు. 2009లో కేన్స్ జ్యూరీ స్వయంగా చేసింది అంతకన్నా పెద్ద తప్పు. లార్స్ వాన్ ట్రియర్ ‘యాంటీక్రైస్ట్’ స్త్రీ ద్వేషంతో నిండి ఉందంటూ దానికి ‘వ్యతిరేక బహుమతి’ ప్రకటించింది. ఇది సెన్సార్‌షిప్‌కు పిలుపుతో సమానమని ఉత్సవ నిర్వాహకుడు థియరీ ఫ్రెమో మండిపడ్డారు. ఆ చిత్రంపై అభ్యంతరం చెప్పే హక్కు జ్యూరీకి ఉంది. సత్కారం కోసం కట్టిన వేదికను బోనుగా మార్చే హక్కు లేదు.

ఇప్పుడు కావలసింది ఈ జ్యూరీలో ఇతర మతాలవారికీ కుర్చీలు వేయడం. టోక్యోలో మరుగుదొడ్లు కడిగే మనిషి ప్రశాంతతను చూపిన ‘పర్ఫెక్ట్ డేస్’కు 2023లో ఈ బహుమతి దక్కింది. బహుమతి ఎప్పుడో మతాల ఎల్లలు దాటింది, సభ్యత్వం దాటలేదు. స్విట్జర్లాండ్‌లోని న్యోన్ డాక్యుమెంటరీ ఉత్సవంలో వేర్వేరు మతాలవారు కలిసి కూర్చునే జ్యూరీ ఉంది. కేన్స్‌లో ఎందుకు ఉండకూడదు?

2024లో ఇరాన్ దర్శకుడు మొహమ్మద్ రసూలోఫ్ ఎనిమిదేళ్ల జైలుశిక్షను తప్పించుకుని, కొండలు దాటి కేన్స్ చేరారు. దేశం వదిలి రాలేకపోయిన తన ఇద్దరు నటుల ఫొటోలను చేతుల్లో ఎత్తి పట్టుకుని ఎర్ర తివాచీపై నడిచారు. ఆయన చిత్రంలో, ఫైలు చదవకుండానే మరణశిక్షపై సంతకం పెట్టమని ఓ న్యాయాధికారిపై ఒత్తిడి వస్తుంది. ఎక్యుమెనికల్ జ్యూరీ ఆ ఏడాది తన బహుమతిని ఈ చిత్రానికే ఇచ్చింది. ఆ న్యాయాధికారిలా నమాజు చేసేవారు ఒక్కరైనా వచ్చే ఏడాది ఆ జ్యూరీలో కూర్చోవాలని మేము కోరుతున్నాం.