35 శాతం ఆటిజం ఏ పట్టికలో ఉంది సార్?

పొద్దున్నే పేరెంట్స్ గ్రూపులో ఒక ఫోటో వచ్చింది. సదరం సర్టిఫికెట్, అంటే వైకల్యం ఎంత శాతమో సర్కారు డాక్టర్లు రాసిచ్చే కాగితం. ఏడేళ్ళ బాబు. వైకల్యం: ఆటిజం. శాతం: 35. కింద వాళ్ళమ్మ ఒక్క ముక్క రాసింది: "చక్కగానే ఉన్నాడు కదమ్మా అన్నారు అక్కా." అందరూ దండాలు, ఏడుపు బొమ్మలు పెట్టి ఎవరి పనుల్లో వాళ్ళు పడ్డారు. నాకు మాత్రం కాఫీ గొంతు దిగలేదు.

35 అట. ఇదేమన్నా కూరగాయల బేరమా, నలభై చెప్తే ముప్ఫయ్యైదుకి ఇచ్చి పంపడానికి?

ఆటిజానికి శాతం కట్టేది ఐసా (ఇండియన్ స్కేల్ ఫర్ అసెస్‌మెంట్ ఆఫ్ ఆటిజం) స్కేలుతో. అదేదో అమెరికా నుంచి ఊడిపడ్డది కాదు, మన సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో ఇప్పుడు ఎన్ఐఈపీఐడీ అంటున్న, మేధో వైకల్యం ఉన్నవాళ్ళ కోసం పెట్టిన జాతీయ సంస్థే తయారుచేసింది. ఆరు విభాగాలు, 40 అంశాలు, ఒక్కోదానికి 1 నుంచి 5 మార్కులు. ఏ ఇబ్బందీ లేని పిల్లాడికి కూడా 40 వస్తాయి, పైన హద్దు 200. 70కి తగ్గితే ఆటిజం లేదని లెక్క. 70 వస్తే 40 శాతం. 71 నుంచి 88 దాకా 50 శాతం. అలా పెరుగుతూ పోయి 158 దాటితే 100. అంటే ఆటిజం ఉందని రాసిన చేత్తో కనీసం 40 వెయ్యాలి. లేదనుకుంటే ఆ పేరే రాయకూడదు. మధ్యలో 35 అనే మెట్టు లేనే లేదు! మరి ఎక్కడ నిలబడి వేశారు సార్ ఆ అంకె?

నేను చెప్తా ఎక్కడ నిలబడ్డారో. మొహం చూసి వేశారు.

సదరం క్యాంపు ఎలా ఉంటుందో వెళ్ళినవాళ్ళకి తెలుసు. సచివాలయంలో స్లాట్ దొరకడమే ఒక యజ్ఞం. పొద్దున తొమ్మిదింటికి రమ్మంటారు. వరండా నిండా జనం, వీల్‌చైర్లు, మైకులో పేర్లు, పైన కిర్రుకిర్రుమంటూ ఫ్యాను. చప్పుడు పడని పిల్లాడు మొదటి గంట చెవులు మూసుకుంటాడు, రెండో గంట కిందపడి దొర్లుతాడు, మూడో గంటకి సొమ్మసిల్లినట్టు అమ్మ భుజం మీద వాలిపోతాడు. సరిగ్గా అప్పుడు పిలుస్తారు. "పేరేంటి నాన్నా?" అంటారు. వాడు పెన్ను మెరుస్తుంటే అటు చూస్తాడు. "ఇదిగో, కళ్ళలోకి చూశాడుగా! బుద్ధిగా కూర్చున్నాడుగా!" అయిపోయింది పరీక్ష. రెండు నిమిషాలు.

కళ్ళలోకి చూడటం అనేది ఆ 40 అంశాల్లో ఒక్కటి. ఒక్కటే! దానికి 1 మార్కే వేసుకోండి, మిగతా 39 ఎవరు అడుగుతారు? ప్రమాదమంటే భయం ఉందా, అన్నమాటే తిరిగి అంటాడా, దెబ్బ తగిలితే ఏడుస్తాడా, దారి మార్చి బడికి తీసుకెళ్తే ఏం చేస్తాడు... ఇవి గదిలో కనపడవు. అందుకే తల్లిదండ్రుల్ని అడిగి, పిల్లాణ్ణి గమనించి, రెండూ కలిపి మార్కులు వెయ్యాలని ఆ స్కేలు పుస్తకంలోనే ఉంది. తల్లి మాట వినడం డాక్టరుగారి దయాదాక్షిణ్యం కాదు, పరీక్షలో భాగం.

ఇక్కడ మన తల్లులకి కూడా నాలుగు మాటలు అంటించాలి. అక్కడికెళ్ళి మీరు పరువు కాపాడుకోవడం మానండి. "బాత్రూమ్‌కి వెళ్తాడామ్మా?" అంటే "వెళ్తాడండీ" అంటారు. నిక్కరు విప్పేదెవరు, కడిగేదెవరు, నీళ్ళు పోసేదెవరు, అసలు వెళ్ళాలని వాడికి గుర్తుచేసేదెవరు? మీరే. అయితే జవాబు "వెళ్తాడు" కాదు, "నేను తీసుకెళ్తే వెళ్తాడు". ఆ ఒక్క తేడాకి బుద్ధిమాంద్యం కొలిచే వైన్‌ల్యాండ్ పరీక్షలో అంకె మారిపోతుంది. ఐసాలో మార్కు ఎంత తరచుగా జరుగుతుందన్నదాన్ని బట్టి: అరుదుగా అయితే 1, దాదాపు ఎప్పుడూ అయితే 5. మీరు మొహమాటానికి "అప్పుడప్పుడండీ" అన్నారా, 4 పడాల్సింది 2 దగ్గర ఆగిపోతుంది. పది ప్రశ్నలకి అలా అంటే ఇరవై మార్కులు గోవిందా. వాడు మంచివాడే, ముద్దొస్తాడు, ఎవరు కాదన్నారు? ఆ ముద్దు ఇంటికొచ్చాక చూసుకోండి.

మరి 40కి, 35కి తేడా ఐదే కదా అనే మహానుభావులుంటారు. 40 రాకపోతే ఆంధ్రాలో నెలకి 6000 పెన్షన్ లేదు. తెలంగాణలో 4016 లేదు. ఉద్యోగస్తుడైన తండ్రికి, పాత పన్ను విధానంలో ఉంటే, వైకల్యమున్న పిల్లాడి పేరు మీద ఆదాయపు పన్ను లెక్కలో వచ్చే 75,000 తగ్గింపు లేదు. 18 ఏళ్ళ దాకా ఉచిత చదువు అని 2016 వికలాంగుల హక్కుల చట్టం 31వ సెక్షన్‌లో రాసిన హక్కూ 40, ఆ పైన ఉన్నవాళ్ళకే. ఐదు శాతం తేడా కాదది, గేటుకి లోపలా బయటా. పైగా 2025 రీవెరిఫికేషన్ దెబ్బతో ఆంధ్రాలో ఉన్న పెన్షన్లు కూడా మళ్ళీ మళ్ళీ నిరూపించుకోవాల్సి వచ్చింది. దొంగ సర్టిఫికెట్లు లేవని ఎవరూ అనట్లేదు. కానీ దొంగని పట్టుకోవడానికి ఇన్ని కళ్ళున్నవాళ్ళకి, ఎదురుగా ఉన్న పిల్లాడు కనపడడేం?

అసలు నా కడుపుమంట సర్టిఫికెట్ గురించి కూడా కాదు. ఈ "చక్కగా ఉన్నాడు" పాట ఏడేళ్ళకి మొదలైంది కాదు, రెండేళ్ళకే మొదలైంది. ఏడాది నిండినా బా బా, దా దా లేదు. వేలు పెట్టి చందమామని చూపించడు. పదహారు నెలలకి ఒక్క మాట లేదు. రెండేళ్ళకి రెండు పదాలు కలపడు. వీటిలో ఏ ఒక్కటున్నా వెంటనే పంపి చూపించాలని పిల్లల డాక్టర్లు చదువుకునే వచ్చారు. వచ్చిన మాటలు పోతే ఏ వయసులోనైనా సరే, ఒక్క నెల కూడా ఆగకూడదు. మరి నోటివెంట వచ్చేది? "మగపిల్లాడు కదమ్మా, మాటలు లేటు. మూడేళ్ళు రానివ్వండి." ఈ ముక్క చెప్పడానికి మా ఊళ్ళో పెద్దమ్మ చాలు, ఎమ్‌డీ ఎందుకు? 16 నుంచి 30 నెలల మధ్య పిల్లలకి ఆటిజం అనుమానం ఉందేమో చూసే ఎమ్‌చాట్ అని 20 ప్రశ్నల కాగితం ఉంది, అవును కాదు అని టిక్కులు పెట్టాలి, బయట కుర్చీలో కూర్చున్నప్పుడే అమ్మ నింపేస్తుంది. ఆ కాగితానికి జెరాక్స్ ఖర్చు కూడా బరువైపోయిందా?

ఇక మూడేళ్ళు నిండాక అదే నోటితో, "ఇంత లేటుగా తెచ్చారేంటి?" దాని వెనకే, "ఫోన్ చూపించారా? మీరు ఉద్యోగానికి వెళ్తారా?" అదీ సంగతి! నేరస్తురాలు దొరికింది. 1943లో లియో కానర్ 11 మంది పిల్లల గురించి రాసినప్పుడు ఏ తల్లి చేతిలో స్మార్ట్‌ఫోన్ ఉంది సార్? ఫోన్ తగ్గించమనండి, మంచిదే, తగ్గిస్తాం. కానీ దానివల్లే వచ్చిందని ఒక మాట విసిరేస్తే ఆ ఇంట్లో అత్తగారు, ఆడపడుచు, పక్కింటావిడ ఆ మాటని పదేళ్ళు వాడుకుంటారు.

ఇవన్నీ ఒక ఎత్తు. నొప్పి ఒక్కటే ఒక ఎత్తు.

మాటలు రాని పిల్లాడు ఉన్నట్టుండి చెంప మీద కొట్టుకోవడం మొదలుపెడతాడు. తీసుకెళ్తే "ఆటిజంలో మామూలేనమ్మా" అని చిరాకు తగ్గించే రిస్పెరిడోన్ మందు రాస్తారు. నోరు తెరిచి చూడరు. వెనక దంతం పుచ్చి చీము పట్టి ఉంటుంది. మందుకి పిల్లాడు మత్తుగా పడుంటాడు, ఆకలి పెరిగి ఒళ్ళొస్తుంది, పన్ను మాత్రం లోపల కుళ్ళుతూనే ఉంటుంది. మలబద్ధకం ఇంకో కథ. రోజుల తరబడి గట్టిపడ్డ మలం పక్కనుంచి నీళ్ళలా కారి నిక్కరు పాడైతే విరేచనాలనుకుని ఆపే మందు ఇస్తారు. కట్టుకుపోయిన దాన్ని ఇంకా కట్టెయ్యడం! పొట్ట మీద చెయ్యి పెట్టి నొక్కి చూస్తే తెలిసేది.

అన్నిటికన్నా మండేది స్కర్వీ. అవును, పాతకాలపు ఓడ నావికుల జబ్బే. మన పిల్లలు చాలామంది తెల్లన్నం, పెరుగు, ఒకే రకం బిస్కెట్లు, చిప్సు, ఈ నాలుగే తింటారు. పండు ముక్క నోట్లో పెడితే వాంతి. నెలల తరబడి ఇలా సాగితే ఒంట్లో సి విటమిన్ అడుగంటిపోతుంది. (పుల్లగా ఉంది కదా అని పెరుగు మీద భరోసా పెట్టుకోకండి, అందులో సి విటమిన్ దాదాపు సున్నా.) ముందు విసుగు, తర్వాత కుంటడం, తర్వాత నిలబెడితే కేకలు. చిగుళ్ళు ఉబ్బి రక్తం. ఎముక మీది పొర కింద రక్తం కారి, కాలు ముట్టుకోనివ్వడు. "నడవనని మొండికేస్తున్నాడు, బిహేవియర్" అని ఫైల్లో రాసేస్తారు, లేదా ఎమ్మారైల చుట్టూ తిప్పుతారు. ఏం తింటాడమ్మా అని ఒక్క ప్రశ్న అడిగి, చిగుళ్ళు ఒక్కసారి చూస్తే సరిపోయేది. మందేంటో తెలుసా? సి విటమిన్. కొద్ది రోజుల్లోనే నొప్పి తగ్గడం మొదలవుతుంది. రూపాయల్లో పోయేదానికి పిల్లాడు నెలలు మంచం మీద.

అందుకే చెప్తున్నా, ప్రవర్తన హఠాత్తుగా మారిందంటే "ఆటిజంలో అంతే" అన్న మాటని అక్కడే ఆపండి. ఫోన్లో ఒక నిమిషం వీడియో తియ్యండి, శబ్దంతో సహా. ఒక నోటుబుక్కులో తేదీ, టైము, చివరిసారి మలం ఎప్పుడు, ఎన్ని గంటలు నిద్ర, చెయ్యి ఎక్కడికి పోతోంది, తినేవన్నీ రాయండి. "పళ్ళు, చెవులు, పొట్ట, ఫిట్స్ చూశాకే బిహేవియర్ అనండి సార్" అని నోరు విప్పి అడగండి. గయ్యాళి అంటారు. అననివ్వండి.

స్కూళ్ళ గురించి రాయడం మొదలుపెడితే ఈ పోస్టు ఇవాళ తెమలదు. "షాడో టీచర్ని (క్లాసులో పిల్లాడి పక్కనే ఉండి చూసుకునే మనిషిని) మీరే పెట్టుకోండి, జీతం మీరే ఇచ్చుకోండి, ఫీజు మాత్రం పూర్తిగా కట్టండి" అనేవాళ్ళకి ఒక్క ముక్క: ప్రైమరీలో పది మంది ఇలాంటి పిల్లలకి ఒక స్పెషల్ టీచరు, ఆ పైన పదిహేను మందికి ఒకరు ఉండాలని 2022లోనే కేంద్రం నియమం పెట్టింది. మీ స్టాఫ్ రూములో ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టుకోండి.

ఆ 35 తల్లికి గ్రూపులో పెట్టిందే ఇక్కడా పెడుతున్నా, ఇంకెవరికైనా పనికొస్తుంది. ముందు ఐసా మార్కుల షీటు కాపీ అడుగమ్మా, 40 అంశాలకీ అంకెలున్న కాగితం. లేదంటే లేదని రాసిమ్మను. 2016 చట్టం 59వ సెక్షన్ కింద అప్పీలు పెట్టు. ఈసారి వెళ్ళేటప్పుడు మూడు వీడియోలు: వేరే దారిన తీసుకెళ్ళినప్పటిది, కుక్కర్ విజిల్ వేసినప్పటిది, అన్నం తినేటప్పటిది. బడి నుంచి ఒక కాగితం, థెరపీ సెంటర్ నుంచి ఇంకోటి, దాని మీద థెరపిస్టు ఆర్‌సీఐ (రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) నంబరు ఉందో లేదో చూసుకో. చెవులకి పెట్టే హెడ్‌ఫోన్ తీసుకెళ్ళు, కానీ లోపలికి పిలిచే ముందు తీసెయ్యి. వాడు చెవులు మూసుకోవడం వాళ్ళు చూడాలి. పెరుగన్నం డబ్బా మర్చిపోకు. మీ ఆయన్ని కూడా రమ్మను, సెలవు దొరకదంటే నాకు నంబరివ్వు, నేను మాట్లాడతా.